మెయిన్ ఆపిన మామ

కరెంటు ఉన్నంతసేపే నిలిచేదాన్ని మీరు నమ్మకమంటారా?

ఎనభైలలో తిరువళ్లూరులో మా మామ హాల్లో సముద్రపు చేపలకు పెద్ద అద్దాల తొట్టి కట్టించాడు. దాని కింద ఇంకో తొట్టి; అందులోని నీళ్లను మోటారు పైపుగుండా పై తొట్టికి తోడాలి. పూజ చేసి, పైపుకు తిరుత్తణి విభూది పూశారు. చేపలూ పగడాలూ ఇంకా డబ్బాల్లోనే ఉన్నాయి. ఏది కట్టినా ముందు ఆపి చూడటం మామ అలవాటు. మోటారు వేసి, పై తొట్టి నిండాక ఇంటి కరెంటు మెయిన్ ఆపేశాడు.

"మంచి గడియలో ఆర్పేస్తివేమయ్యా?" అత్త కసిరింది.

"కరెంటోడు మనల్నడిగి ఆపుతాడా?"

పై నీళ్లు అదే పైపులో వెనక్కి దిగాయి. కింది తొట్టి పొంగి హాలంతా పారింది.

"చేపలు వదిలుంటే చచ్చుండేవి గదే!" అన్నాడు మామ.

పైపుకు పై తొట్టి నీటిమట్టానికి కాస్త కింద చిన్న బెజ్జం వేశాడు. మళ్లీ ఆపితే, నీళ్లు కాస్త దిగగానే బెజ్జంలోంచి గాలి దూరి మిగతావి పైనే నిలిచాయి. అప్పుడే చేపలను వదిలాడు.

ప్రాణాలను దేనికైనా అప్పగించే ముందు, మీరూ దాన్ని ఓసారి ఆపి చూడండి.