సముద్రంలోకి తన్నిన బంతి

విశాఖ తీరంలో మా పేట జట్టు ఆడే ప్రతి మ్యాచ్‌కీ గురువులు అనే జాలరి వచ్చేవాడు. పొద్దున్నే వేట ముగించుకుని, వలలు ఆరేసి, సాయంత్రం ఇసుకలో కూర్చునేవాడు. బంతి సముద్రంలో పడితే ఈది తెచ్చేది అతనే.

1998 ఫైనల్లో మేం ఒక గోలు ముందున్నాం. ఇంకా పది నిమిషాలుండగా మావాళ్లు ఆట మానేసి, టైం గడిచిపోవాలని బంతి దొరికినప్పుడల్లా అలల్లోకి తన్నసాగారు.

"బావా, మెల్లగా తే!" అని గురువులు బావమరిది అబ్బులు కేకేశాడు.

గురువులు ఎప్పటిలాగే గబగబా ఈదుకొచ్చి బంతి అందించాడు. చివర్లో ఎదుటి జట్టు రెండు గోల్స్ కొట్టి గెలిచింది.

టీ బడ్డీ దగ్గర అందరం అతని మీద పడ్డాం.

"ఇంకో రెండు నిముసాలు నీళ్లలో ఉంటే నీకేటి పోయింది?" అన్నాడు అబ్బులు.

"గోలు కొట్టాక ఒక్కసారైనా ముందుకెల్లారేట్రా? బంతి దాసేసి గెలిసిన కప్పుని నాను సూడలేను."

ఇద్దరూ అప్పటికి ఏడేళ్లుగా ఒకే పడవలో వేటకెళ్తున్నారు. మర్నాడు అబ్బులు వేరే పడవ ఎక్కాడు. పేటలో చాలామంది గురువులుతో మాట్లాడడం మానేశారు. నేనూ మానేశాను. అతను మాత్రం మ్యాచ్‌లు మానలేదు. దూరంగా ఒక్కడే కూర్చుని, మావాళ్లు గోలు కొడితే చప్పట్లు కొట్టేవాడు.

2003లో కప్పు గెలిచాం. ఊరేగింపు గురువులు ఇంటి ముందుకొచ్చింది. భార్య అప్పాయమ్మ పక్కన నిలబడ్డాడు. కప్పు మోస్తున్న అబ్బులు తన అక్క వైపైనా చూడకుండా సాగిపోయాడు. అప్పాయమ్మ కళ్లు తుడుచుకుంది.

"ఏడవకే," అన్నాడు గురువులు. "ఈసారి సివరిదాకా ఆడారు."