జీను మీది తప్పుకు కాలికి వాత

అది దసరాకు వారం ముందు, శుక్రవారం. బాన్సువాడ ఠాణాలో తొమ్మిది గంటలు కొట్టిన మోత ఇంకా చెవుల్లో ఉండగానే మా పెరట్లో నా గుర్రానికి కాళ్లు కట్టి గడ్డి మీద పడగొట్టారు. పక్కన పిడకల మంటలో రెండు ఇనుప కడ్డీలు ఎర్రబడుతున్నాయి. గుర్రం కుంటుతోంది కాబట్టి దాని ముందటి ఎడమ కాలికి వాతలు పెట్టాలని ఇంటి పెద్ద తీర్మానం చేశాడు. ఏ ఏడు అని అడిగితే, నిజాంసాగర్ కాలువ నీళ్లు మా పొలాలకు వచ్చి కొన్నేండ్లయింది, పెద్ద యుద్ధం ఇంకా మొదలు కాలేదు. అంతకన్నా నాకు తెలియదు. నేను యాభై దాటినంక మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దుకున్నదాన్ని. నాకు రాయడం రాని రోజుల్లో ఈ సంగతి మా చుట్టాలు ఎట్లా చెప్పుకుంటే అట్లా చెల్లింది. ఇప్పటికీ ప్రతి పెండ్లిలో చెప్పుకుని నవ్వుతారు, అదీ తప్పుగా. అందుకే రాస్తున్నాను.

నా గుర్రం అన్నాను. నాదే. పెండ్లి చేసి పంపేటప్పుడు అందరూ బిడ్డ వెంట పాడి ఆవును తోలిస్తే మా నాయన ఆడగుర్రాన్ని తోలించాడు. మా తల్లిగారి ఊరు బిచ్కుంద అవతల, మరాఠీ మాట వినిపించే పక్క. మా నాయన ఎవుసంతో పాటు గుర్రాలు పెంచేవాడు. కొడుకులు లేరు కనుక నన్నే ఎక్కించేవాడు, జీను లేకుండా, ఉత్త గొంగడి వేసి. ఎక్కించి కళ్లు మూసుకొమ్మనేవాడు.

"గిప్పుడు ఏ ఎనుక కాలు లేశింది, చెప్పు బిడ్డా," అని అడిగేవాడు.

చూడకుండా ఎట్లా తెలుస్తుందని మీరనుకోవచ్చు. గుర్రం ఎడమ వెనుక కాలు ముందుకు వేస్తున్నప్పుడు దాని పొట్ట కుడి పక్కకు ఊగుతుంది, మన ఎడమ తుంటి కొంచెం కిందికి దిగుతుంది. అది ఒంటికి తెలిసిందాకా మా నాయన పగ్గం చేతికి ఇవ్వలేదు. గుర్రం వీపు మీద బరువు మోసే చోటు కొంచెమే ఉంటుంది. మూపు వెనుక, పక్కటెముకలు ఉన్నంత మేర. ఆ తర్వాతిది నడుము, దానికి కింద ఎముకల ఆసరా లేదు. మనం మూపుకు దగ్గరగా, కాలి మడమ తుంటి కిందికి వచ్చేటట్టు కూర్చుని, మెడను దాని ఇష్టానికి వదిలితే గుర్రం తల దించి వీపును పైకి ఎత్తుతుంది. అప్పుడు వెనుక కాళ్లు పొట్ట కిందికి బాగా వస్తాయి, మన బరువును అవే మోస్తాయి. ఇది నిజమో కాదో ఎవరైనా చూసుకోవచ్చు. తడి నేల మీద నడిపిస్తే వెనుక గిట్ట జాడ ముందు గిట్ట జాడను దాటి పడాలి. పడితే గుర్రం సుఖంగా ఉన్నట్టు. ఇందులో మంత్రమేమీ లేదు, కళ్లుంటే చాలు.

ఇగ మా బావ సంగతి. బావ అంటే మా ఆయనకు అన్న. మామ పోయినంక ఇంటి పెద్దరికం, పటేల్‌గిరీ రెండూ ఆయనవే. సర్కారు కచేరీకి పోవాలన్నా, నస్రుల్లాబాద్ పోవాలన్నా ఆయనకు గుర్రం కావాలి. నా గుర్రం ఆ ఇంట్లో దిగిన మర్నాడే ఆయన గుర్రమైంది. నన్ను అడిగినవారు లేరు. సరే, గుర్రం ఉన్నదే ఎక్కడానికి, ఎక్కనీ అనుకున్నాను. కాని ఎక్కే తీరు చూడాలి.

జీనును వెనక్కి జరిపి నడుము మీద కట్టించేవాడు. దాని మీద మళ్లీ వెనుక అంచుకు, మంచంలో దిండుకు ఆనుకున్నట్టు వాలి, కాళ్లు ముందుకు చాపి కూర్చునేవాడు. మనిషి బరువైన మనిషి. రోజూ ఎడమ పక్క నుంచే ఎక్కడం వల్ల ఆ పక్క కాలు పెట్టే రికాబు తోలు సాగి కుడి దానికన్నా పొడుగైంది. దాన్ని సరిచేయించే ఓపిక ఎవరికీ లేదు. దాంతో ఆయన ఎప్పుడూ ఎడమకు ఒరిగి ఉండేవాడు, ఆయనతో పాటు జీనూ ఒరిగేది. నోట్లో ముళ్ల కళ్లెం. పటేలు గుర్రమంటే తల ఆకాశానికి ఎత్తి ఉండాలట, అందుకని పగ్గాలు ఛాతీ దాకా గుంజి పట్టేవాడు. తల పైకి గుంజితే వీపు గిన్నెలాగా గుంటపడుతుంది. వీపు గుంటపడితే వెనుక కాళ్లు ముందుకు రావు. అవి రాకపోతే బరువంతా ముందు కాళ్ల మీద, అందులోనూ ఒరిగిన పక్క కాలి మీద పడుతుంది. గుర్రం నోరు తెరుచుకుని, నురగ కక్కుతూ అడ్డంగా తొక్కులాడితే బజారులో జనం పటేలు గుర్రం ఆడుతోందని మెచ్చుకునేవారు. నొప్పికి తట్టుకోలేని జీవాన్ని చూసి ఆట అనుకున్న ఆ జనాన్ని తలుచుకుంటే నాకిప్పటికీ మండుతుంది.

బట్టలు ఉతకడానికి కాలువకు పోయినప్పుడు గట్టు మీద జాడలు చూసేదాన్ని. పొద్దున విడిగా మేతకు పోయిన జాడల్లో వెనుక గిట్ట ముందు దాన్ని దాటేది. సాయంత్రం బావ ఎక్కివచ్చిన జాడల్లో జానెడు వెనకే పడిపోయేది. అదే గుర్రం, అదే గట్టు. వీపు మీద, నడుముకు ఎడమ పక్కన వెంట్రుకలు తెల్లబడ్డాయి. ఆ తర్వాత కుంటడం మొదలైంది.

అందరూ కాలు చూశారు. ఒకరు నుదుటి మీది సుడి మంచిది కాదన్నారు. ఒకరు నల్ల తాడు కట్టమన్నారు. లాడాలు పీకించి కొత్తవి కొట్టించారు. పసుపు పట్టు వేశారు. ఒక్కరంటే ఒక్కరు జీను తీసి వీపు మీద చెయ్యి వేయలేదు.

నేను చెప్పలేదా అంటే చెప్పాను. కాని మా ఇండ్లల్లో తమ్ముని పెండ్లాం బావతో నేరుగా మాట్లాడకూడదు. ఏం చెప్పాలన్నా అత్తకు చెప్పాలి. బావ అక్కడే కూర్చుని అంతా విన్నా విననట్టే లెక్క. అత్త మళ్లీ చెబితేనే అది మాట. ఒకనాడు అన్నాలు తినేటప్పుడు నేను తలుపు చాటున నిలబడి మొదలుపెట్టాను.

"అత్తమ్మా, బావకు చెప్పుండ్రి. గుర్రం కాలు మంచిగనే ఉన్నది. ఎనుకకు కూసుంటే దాని నడుము కుంగి ముంగటి కాలు మీద బరువు పడుతుంది. జీను ముంగటికి జరుపుమనుండ్రి, రికాబులు సమానం చేయమనుండ్రి."

అత్త కొడుకు వైపు తిరిగింది. "కోడలు ఏమంటుందంటే, గుర్రానికి దిష్టి తగిలిందంట కొడుకా."

"నేను గట్లనలేదత్తమ్మా."

"గట్లనే అన్నవు తియ్. జర మంచిగ తిప్పి చెప్పిన."

బావ ముద్ద కలుపుతూ వాళ్లమ్మతోనే అన్నాడు. "అమ్మా, మూపు మీదికెక్కి మూటలెక్క కూసునేది అంగడికి పోయే బేరగాండ్లు. నన్ను గట్ల కూసొమ్మంటుందా ఏంది గామె?"

చూశారా. అత్త చెప్పని మాటకు ఆయన జవాబు చెప్పాడు. అంటే చెవులు పనిచేస్తున్నాయి. ఆ మాట నా నోటి నుంచి నేరుగా పోతే మాత్రం అది మాట కాదు. మా ఆయన్ని చెప్పమన్నాను. చెరుకు సంగతైతే అన్నకు చెప్పేవాడినని, గుర్రం సంగతి తానేం చెబుతానని ఆయన అన్నాడు. మెత్తటి మనిషి. ఆ మెత్తదనం గుర్రానికి ఎందుకూ పనికిరాలేదు.

దసరా నాడు జమ్మికి బావ గుర్రం మీద పోవాలి. కుంటే గుర్రం మీద పోతే నామోషీ. అందుకని వాతలు పెట్టించాలనుకున్నారు. బాన్సువాడలో లాడాలు కొట్టే నాల్‌బంద్‌ను పిలిపించారు. ఆయన చెయ్యి మంచిది, గిట్ట చెక్కడంలో వంక పెట్టలేం. వాత పెట్టినంక నెలల తరబడి నిలబెట్టాలని ఆయన చెప్పాడు. వారంలో నడవాలని బావ అన్నాడు. నాల్‌బంద్ పిడకలు అంటించి కడ్డీలు అందులో పెట్టాడు. వాతలు ఎందుకు పెట్టాలని అడగడం తన పని కాదనుకున్నాడో ఏమో.

నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. అత్తకు మూడుసార్లు చెప్పాను, ఆపమనండి, జీను తీసి ఒట్టిగా ఒక్కసారి నడిపించి చూడమనండి అని. అత్త ప్రతిసారీ "వాళ్లకు తెలువదా పిల్లా" అని నన్నే అదిమింది. నాల్‌బంద్ మొదటి కడ్డీ తీసి మోకాలి కింద నిలువుగా గీసినట్టు పెట్టాడు. వెంట్రుకలు కాలిన వాసన పెరడంతా నిండింది. గుర్రం అరవలేదు. గుర్రాలు అట్లాంటప్పుడు అరవవు, లోపలికే మూలుగుతాయి. దాని కన్ను నావైపే తిరిగి ఉంది. ఆయన రెండో కడ్డీ అందుకున్నాడు.

నేను గుమ్మం దిగాను. తల మీద కొంగు ఉందో లేదో నాకు గుర్తు లేదు.

"బావా," అన్నాను. "గా కాలును కాల్చకుండ్రి. దానికేం కాలేదు. మీరు కూసునే తీరుకు కుంటుతుంది. కాల్చాల్నంటే జీనును కాల్చుండ్రి."

నాల్‌బంద్ ఎత్తిన కడ్డీని మళ్లీ మంటలో పెట్టాడు. "పటేల్ సాబ్, మీ ఇంటి పంచాయితీ ఒడిసినంక పిలువుండ్రి," అని లేచి గోడవతలికి పోయి నిలబడ్డాడు. అత్త నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూలబడింది. గోడకు ఆనుకుని పండ్లు తోముకుంటున్న మా ఆయన, వేపపుల్ల నోట్లో ఉండగానే కట్టెలాగా నిలబడిపోయాడు. కాలు కాలిన జీవం నడుమ పడి ఉంటే, అందరూ నన్నే చూస్తున్నారు.

బావ నాతో మాట్లాడలేదు. అప్పుడు కూడా వాళ్లమ్మతోనే అన్నాడు. "అమ్మా, గా గుర్రాన్ని గామెకే కట్టెయ్యి. నోరున్న ఆడిదాని గుర్రం నాకొద్దు."

అట్లా రెండో వాత పడలేదు. నా మాట నిజమని ఆపలేదు, నేను మాట్లాడానని ఆపారు. ఆ తేడా నాకు అప్పుడే తెలుసు, ఈనాటికీ మింగుడు పడదు.

మా నాయన వచ్చి చూశాడు. దాని నడుము మీద బొటనవేలితో నొక్కితే గుర్రం వీపు కిందికి వంగిపోయింది. ఆయన వియ్యంకులను ఒక్క మాట అనలేదు, నూనె మర్దన ఎట్లా చేయాలో చూపించి పోయాడు. పుండు మానినంక నేనే చేత్తో పట్టుకుని కాలువ గట్టు ఎక్కించి దించి నడిపాను. గట్టు ఎక్కేటప్పుడు వెనుక కాళ్లు తోయక తప్పదు, తల దించక తప్పదు. వీపుకు అదే దవాఖాన. ఆ తర్వాత చెరుకు తోట వెనకాల, మనుషుల కంట పడకుండా, మా ఆయన్ని గొంగడి మీద ఎక్కించి కళ్లు మూసుకొమ్మన్నాను. ఏ కాలు లేచిందని అడిగితే ఎడమ అంటే కుడి, కుడి అంటే ఎడమ అనేవాడు. "నాకు ఎడ్లయితేనే మంచిగుంటది," అని దిగబోయేవాడు. దిగనివ్వలేదు. చలికాలం దాటేసరికి ఆయనకు తెలిసింది. గుర్రం కుంటడం మానేసింది. కాలి మీద వాత మచ్చ అట్లాగే ఉంది. ఆ తర్వాత చాలా ఏండ్లు అది మా ఆయన్ని వర్ని ఊరి దాకా మోసుకుపోయి తీసుకొచ్చింది. బావ ఒక్కసారి కూడా ఎట్లా బాగైందని అడగలేదు.

ఆయన ఇంకో గుర్రం కొన్నాడు. అదే జీను, అదే ఒరుగుడు. ఎండాకాలం రాకముందే అదీ కుంటింది, రెండు కాళ్లకూ వాతలు పడ్డాయి. అప్పుడూ నేను గుమ్మం దిగి అరిచాను. అప్పటికి నా నోరు ఆ ఇంటికి అలవాటైపోయింది కదా, ఎవరూ ఆగలేదు. ఆ గుర్రం మళ్లీ లేవలేదు.

ఇప్పుడు మా చుట్టాలు చెప్పుకునేదేమిటంటే, కొత్త కోడలు బావ ముఖం మీదే నోరిప్పిందని. ఎందుకు ఇప్పిందో చెప్పరు. గుర్రం కాలు మంచిదేనా, నడుము కుంగిందా, జీను ఎక్కడ ఉండాలి అని ఇన్నేండ్లలో ఒక్కరు అడగలేదు. ఎవరూ చూడలేదనడానికి లేదు. ఆ రోజు పెరట్లో ఉన్నది వీళ్లు: మా అత్త, మా బావ, ఆయన భార్య, మా ఆయన, బాన్సువాడ నాల్‌బంద్, తాడు పట్టిన ఇద్దరు జీతగాండ్లు, గోడ మీదుగా తొంగిచూసిన పక్కింటి అవ్వ, నేను, గడ్డి మీద నా గుర్రం.