రేపటి గుడ్డ

పొద్దున్నే కొట్టు తెరవగానే కుట్టుపిన్ని ముందు మిషనుకి ఒక చుక్క నూనె వేస్తుంది. తర్వాత పనికిరాని పేలిక మీద జానెడు కుట్టు వేసి, రెండు చేతులా పట్టుకుని లాగుతుంది. కుట్టు తెగకపోతేనే ఆ రోజు మొదటి బట్ట ముట్టుకుంటుంది.

ముప్పై ఏళ్లుగా మా వీధికంతా ఆమె పిన్నే. మా అమ్మకీ పిన్నే, నాకూ పిన్నే. వరస ఎలా కుదిరిందో ఎవరూ అడగలేదు. కొత్త బట్టలు కుట్టదు. పొడుగు తగ్గించడం, నడుము వదులు చేయడం, జిప్పు మార్చడం, ఇదే ఆమె పని. ఎంత పొడుగున్నా గుడ్డ కత్తిరించి పారేయదు, లోపలికి మడిచి కుడుతుంది. ఆ మడతకి ఆమె పెట్టిన పేరు ‘రేపటి గుడ్డ’.

నా స్కూలు స్కర్టు ఆ రేపటి గుడ్డతోనే నాలుగేళ్లు వచ్చింది. ఏటా సెలవులు అయిపోగానే మెడలో టేపు వేసుకుని, “ఏమే, ఈసారి ఎంత పెరిగావు?” అనేది. పెరగడం నేనేదో సాధించిన పనిలా ఉండేది. కొత్త స్కర్టు కొనే స్తోమత మాకు లేదన్న సంగతి ఆ ప్రశ్న వెనక దాగిపోయేది.

పోయినేడు ఆమె అల్లుడికి ఈ కొట్టు మీద దయ కలిగింది. ఆయన సోఫాల దుకాణంలో మేనేజరు.

“అత్తయ్యా, మీ చెయ్యి బంగారం, కొట్టేమో తుప్పు. కాస్త పైకి తీసుకెళదాం.”

“అప్పుడే పైకెందుకు నాయనా? ఇంకొన్నాళ్లు ఉండనీ.”

కూతురు కూడా ముచ్చటపడటంతో పిన్ని కాదనలేకపోయింది. నెల తిరిగేసరికి షట్టరు పోయి అద్దాల తలుపు వచ్చింది. తెల్ల సోఫా, సెంటు వాసన, గోడంత అద్దం. ముందుగా ఫోను చేసి రావాలి. అంచు మడవడానికి రేటు మూడింతలయింది. పని చేయడం కనబడితే చవకబారుగా ఉంటుందట, మిషను వెనక గదిలోకి వెళ్లింది. పిన్ని దగ్గరికి మనుషులకి బదులు చీటీలు వచ్చేవి. ‘రెండంగుళాలు తగ్గించాలి.’ ఎవరికో, వాళ్లు ఎలా నిలబడతారో చీటీ చెప్పదు.

“మన వీధివాళ్లేమయ్యారే?” అని కూతుర్ని అడిగితే, “వస్తారులే అమ్మా, అలవాటు పడాలిగా,” అనేది. ముప్పై ఏళ్లు తన చేతిలో పెరిగిన మనుషులు ఇక రారేమోనని పిన్నికి దిగులు పట్టుకుంది.

ఒక సాయంత్రం టీ తాగడానికి బయటికొస్తే స్కూలు బస్సు డ్రైవరు ఎదురయ్యాడు. నేనూ అక్కడే ఉన్నాను. అతని కొత్త యూనిఫాం ప్యాంటు అంచు మీద ఏదో తళుక్కుమంది. పిన్ని వంగి చూసింది. స్టేప్లరు పిన్నులు.

“ఏవయ్యా, ఇది ప్యాంటా, పరీక్ష పేపరా?”

అతను సిగ్గుపడ్డాడు. “మీ కొట్టుకే వచ్చాను పిన్నీ. లోపల తెల్లగా మెరిసిపోతుంటే చెప్పులు విప్పాలో అక్కర్లేదో తెలీలేదు. విప్పే నిలబడ్డాను. మీ అమ్మాయిగారేమో అపాయింట్‌మెంట్ ఉందా అన్నారు. పొరపాటున హాస్పిటల్‌కి వచ్చాననుకుని వెళ్లిపోయాను.”

నేను నవ్వాను. పిన్ని నవ్వలేదు. అతన్ని చెప్పులతోనే లోపలికి తీసుకెళ్లి, తెల్ల సోఫాలో కూర్చోబెట్టి, తను నేల మీద కూర్చుంది. ఒక్కొక్క పిన్నూ గోటితో ఊడదీసి, సూదీ దారం తీసుకుని అంచు అక్కడే కుట్టేసింది.

మర్నాడు అల్లుడు వచ్చేసరికి మిషను గుమ్మం దగ్గరుంది.

“ఇదేంటత్తయ్యా? కస్టమర్లు ఏమనుకుంటారు?”

“మనుషులు పెరిగితే బట్టని వదులు చెయ్యగలను బాబూ. రేట్లు పెరిగితే వాళ్ల జేబుల్ని వదులు చెయ్యలేను.”

“మరి సోఫా?”

“నువ్వు కూర్చో. అలిసిపోయావు, పాపం.”

ఆయన కాసేపు మూతి ముడుచుకున్నా చివరికి కూర్చున్నాడు. మంచివాడే. ఆ వారంలోనే అద్దాల తలుపు మీద పెద్ద అక్షరాలతో ‘చెప్పులతోనే రండి’ అని రాయించాడు.

మొన్న నా ప్యాంటు పట్టుకెళితే, పొడుగు తగ్గిస్తూ రెండంగుళాలు లోపల దాచింది.

“నేనింక పెరగను పిన్నీ.”

“నీకేం తెలుసే?” అంది, దారం కొరుకుతూ.

ఇప్పుడామెకి అరవై నాలుగేళ్లు. అంచు మడవడానికి ఒక టీ ఖరీదు తీసుకుంటుంది. ఆదివారం సెలవు.