నా పక్కన కూర్చున్న టీచరమ్మ

మా టీచరమ్మ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను ఖటోదరా దగ్గర షేర్ ఆటోలో ఉన్నాను. నా కళ్లనీళ్లు చూసి పక్కనున్నావిడ "క్యా హువా బేటా?" అని అడిగింది. "టీచర్..." అని మాత్రం అనగలిగాను. ఆవిడ కాసేపు నా చెయ్యి పట్టుకుని, తన స్టాప్ రాగానే దిగిపోయింది. ఆ తర్వాత ఒక్కదాన్నే ఏడ్చుకున్నాను.

గుజరాతీల ఊళ్లో మగ్గాల పనికొచ్చిన తెలుగువాళ్ల పేట మా నవాగామ్. అక్కడ మా గల్లీ చివర ప్రైవేటు ఇంగ్లీషు బడి పెట్టాక మున్సిపాలిటీ వాళ్ల తెలుగు బడి ఖాళీ అవుతూ వచ్చింది. మగ్గాల పనివాళ్ల ఇళ్లల్లో అదొక పద్ధతి: కొడుక్కి ఫీజుల బడి, కూతురికి ఉచిత బడి. తమ్ముడు టై కట్టుకుని అటు, నేను ఇటు. ఆ ఆడపిల్లలూ ఒక్కొక్కరే ఇంటి పనికని మానేసి, ఏడో తరగతికొచ్చేసరికి మా క్లాసులో నేనొక్కదాన్నే మిగిలాను. అంత గదిలో ఫ్యాను చప్పుడు వింటూ కూర్చోవడం ఎంత దిగులో చెప్పలేను.

తెలుగు బడి ఏడుతో సరి. పైన మాకు అందుబాటులో ఉన్న సర్కారు హైస్కూలు గుజరాతీది. నాకు మాట్లాడటం వచ్చుగానీ రాయడం రాదు. ఈ సంగతి మాట్లాడటానికి మగ్గాల సెలవునాడు టీచరమ్మ మా ఇంటికొచ్చారు. అమ్మా నేనూ సలాబత్‌పురా చీరల దుకాణాల నుంచి కూలికి తెచ్చుకున్న చీరలకు వేలాడే దారాలు కత్తిరిస్తున్నాం. ఆవిడా ఒక కత్తెర అందుకుని కూర్చున్నారు.

"పోరడి ఫీజుకే పానం పోతున్నది టీచరమ్మా. ఈ పోరికి గుజరాతీల రాసుడు రాదు. ఇగ ఇంట్లనే అమ్మకు ఆసరైతది," అన్నాడు నాన్న.

"రాకపోతే నేర్చుకుంటుందండీ. నాకూ రాదు. ఇద్దరం నేర్చుకుంటాం."

ఆ ఊపులో చీర అంచు కూడా కత్తిరించేశారు. అమ్మ నోరు తెరిచింది. ఆ చీరేదో ఆవిడే కొనుక్కుని, రఫ్ఫు చేయించి, బడికి కట్టుకొచ్చారు. నాన్నకు నవ్వాగలేదు. "సరే తియ్యుండ్రి. హైస్కూలోళ్లు పెట్టే పరీక్షల పాసైతే పంపిస్త," అన్నాడు.

మర్నాడు టీచరమ్మ కుర్చీలో కూర్చోలేదు. "జరుగమ్మా, నేనూ చదువుకోవాలి," అంటూ నా బెంచీ మీద, కిటికీ వైపు కూర్చున్నారు. గోదావరి జిల్లా మనిషి, ఆవిడకొచ్చిన గుజరాతీ కూరల బండి దగ్గర బేరానికి సరిపోయేంత. మా బడిలోనే ఉన్న గుజరాతీ సెక్షన్ నుంచి పుస్తకం అడిగి తెచ్చుకున్నాం. ఆవిడ తప్పులు నేను దిద్దేదాన్ని. ఎర్రపెన్ను నాకే ఇచ్చేశారు, దొంగమనిషి! దిద్దీ దిద్దీ నాకే వచ్చేసింది.

తమ్ముడి బడి మీద నేను ఉడుక్కుంటే ఒప్పుకునేవారు కాదు. "బూట్లేసుకున్న పిల్లాణ్ణి చూసుకుంటే ఏ తండ్రికైనా ముద్దే. బూట్లు లేని పిల్లకి కూడా ఒక తలుపు తీసి ఉండాలి, అంతే," అనేవారు.

పరీక్ష పాసయ్యాను. హైస్కూల్లో తెలుగుపిల్లని నేనొక్కదాన్నే. చాన్నాళ్లు నా పక్కన ఎవరూ కూర్చోలేదు. టీచరమ్మ ఉంటే బాగుండునని రోజూ అనిపించేది.

ఫోన్ వచ్చిన ఆ సాయంత్రం టీచరమ్మ వాళ్లుండే రైల్వే క్వార్టర్స్‌కి వెళ్లాను. వాళ్లింట్లో నన్నెవరూ గుర్తుపట్టలేదు. వరండాలో కిటికీ పక్కన ఖాళీగా ఉన్న బల్ల మీద కూర్చున్నాను. ఒక పెద్దాయన వచ్చి, నా పక్కన ఖాళీ చూసి, "ఎవరైనా వస్తారా అమ్మా?" అని అడిగారు.

లేదన్నాను. అప్పుడుగానీ చూసుకోలేదు, కిటికీ వైపు చోటు వదిలి అంచున కూర్చున్నానని.