ఇటలీ కారు గురించి నేను చెప్పని మాట

ఆ కారును వాడికంటే ముందు నేను చూశాను. ఈ మాట ఎవరికీ అక్కర్లేదు. అయినా ముందుగా చెప్పుకోకపోతే నాకు తోచదు.

ఎర్రటి ఇటలీ కారు. పొడవాటి ముక్కు, నేలను రాసుకుంటూ పోయేంత కింద కూర్చున్న ఒళ్ళు, రెండే సీట్లు. బొగ్గు గనిలో యంత్రాలు బిగించడానికి వచ్చిన ఒక విదేశీ ఇంజనీరు దాన్ని ఓడలో తెప్పించుకున్నాడట. ఒప్పందం అయిపోయి వెళ్ళిపోతూ దమ్మపేట దగ్గరి ఒక ఆసామికి అమ్మాడు. ఆ ఆసామి దగ్గర మా నాన్న డ్రైవరు. బడికి పోయే వయసులో నేను ఆ కారును కడిగాను, తుడిచాను, టైర్ల సందుల్లోని మట్టిని పుల్లతో గీకాను. లోపల మాత్రం ఎన్నడూ కూర్చోలేదు. కూర్చోమని ఎవరూ అనలేదు.

ఒక వానాకాలం బ్రేకు తొక్కితే కాలు నేలదాకా పోతోందని, ఆయిలు కారుతోందని, బాగుచేసేదాకా బండి తీయొద్దని నాన్న ఆసామికి చెప్పాడు. ఆసామి నవ్వి, తనే నడుపుకుంటూ పోయి చింతచెట్టుకు గుద్దాడు. కాలు విరిగింది. తప్పు డ్రైవరుదే అన్నారు, నాన్న పని పోయింది. తర్వాత కారు ఆసామి తమ్ముడి చేతికి వచ్చింది. బీపీ మాత్రలు మానేసిన ఆ మనిషి ఒకనాడు అన్నం తింటూ కూలిపోయాడు. ఊరు తీర్పు చెప్పేసింది: అది పాపిష్టి బండి. దాన్ని పొగాకు ఆరబెట్టే బ్యారన్‌ కొట్టంలోకి నెట్టి తలుపు వేశారు.

నేను పెద్దయి, బడిపంతులునై, హేతువాద సభల్లో మాట్లాడడం మొదలుపెట్టాక ఆ కారే నాకు ఉదాహరణ అయింది. బ్రేకు ఆయిలు కారితే శని పట్టిందన్నారు, మాత్రలు మానేస్తే కారు మింగిందన్నారు అని చెబితే జనం నవ్వేవాళ్ళు. ఎక్కడ మాట్లాడినా ఆ ఉదాహరణకు చప్పట్లు పడేవి. ఎప్పుడో ఒకనాడు ఆ కారును అడిగి తెచ్చుకోవాలని కూడా నా మనసులో ఉండేది. అడగలేదు. అడుగుదాం అనుకుంటుండగానే రిటైరైపోయాను.

ఇల్లందులో నాకొక మిత్రుడున్నాడు. గని వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి దిగిపోయాడు. మా సభలకు కుర్చీలు మోసేదీ మైకు సరిచేసేదీ వాడే. వాడి భార్య నన్ను అన్నా అంటుంది కాబట్టి వాడికి నేను బావను. ఒకసారి గొప్పకు పోయి వాణ్ణి ఆ బ్యారన్‌కు తీసుకెళ్ళాను, నా ఉదాహరణ చూపిద్దామని. వాడు బోర్లా పడుకుని కింద చెయ్యి పెట్టి తడిమాడు. ఇంజను బిగుసుకుంది గానీ చావలేదన్నాడు. ఆసామి ఇంటివాళ్ళతో బేరమాడి కొనేశాడు, పది రోజులకు కారు లారీ మీద ఇల్లందు చేరింది.

ఏడాదిన్నర పట్టింది. సిలిండర్లలో డీజిలు పోసి వారాల తరబడి నానబెట్టాడు. తుప్పు తిన్న అడుగు రేకు మొత్తం కోసి కొత్తది అతికాడు. బ్రేకు గొట్టాలన్నీ కొత్తవి వేశాడు. దొరకని ముక్కల్ని ఖమ్మంలో లేతు మిషను మీద చేయించాడు. నేను వారం వారం పోయేవాణ్ణి, సాయానికి కాదు, చూడడానికి. ఇంజను మొదటిసారి తిరిగిన రోజు భుజం తట్టి మెచ్చుకున్నాను. ఇంటికొచ్చి కూరలో ఉప్పు లేదని గొడవ చేశాను. ఉప్పు సరిపోయింది. రంగు వేసిన రోజు అసలు ఎరుపు ఇది కాదన్నాను. అదే ఎరుపు. నా మాట నమ్మి వాడు మొత్తం గీకి మళ్ళీ వేసుకున్నాడు. ఆ మూడు వారాలు నాకు నిద్ర బాగా పట్టింది.

పాత బండికి మళ్ళీ రిజిస్ట్రేషన్ కావాలంటే ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వచ్చిందో చరిత్ర రాసివ్వాలన్నారట. అది రాయమని నన్నే అడిగాడు. రాసి పట్టుకెళ్ళేసరికి వాడు ఇంట్లో లేడు. వాడి భార్య టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుంది. మొదటి ప్రయాణం పినపాకలోని ఆమె పుట్టింటికి అనుకున్నారు.

"అన్నా, గా బండి మంచిది కాదంటరు గదా. నువ్వు గాడ పుట్టినోనివి, నీకెరుకే. నిజం చెప్పు."

నిజమే చెప్పాను. తెచ్చినవాడు దేశం విడిచి వెళ్ళిపోయాడన్నాను. కొన్నవాడి కాలు విరిగిందన్నాను. తర్వాతివాడు కంచం ముందే పోయాడన్నాను. ఒక్క అబద్ధమూ లేదు. ఒప్పందం ముగిసిన సంగతి, మాత్రల సంగతి, బ్రేకు సంగతి మాత్రం చెప్పలేదు. సభల్లో నేను తిట్టే సోది చెప్పేవాళ్ళు చేసే పని సరిగ్గా ఇదే: జరిగినవి వరసగా పేర్చి, కారణాలు తీసేయడం. తీసేసిన వాటిలో మా నాన్న హెచ్చరిక కూడా ఉంది.

నాలుగు రోజులకు వాడు మా ఇంటికొచ్చాడు. మనిషి నల్లబడిపోయాడు. భార్య బండి బయటికి తీయనివ్వడం లేదు, ఎవరికైనా అమ్మేయమంటోంది, లేకపోతే పుట్టింటికి పోతానంటోంది. ఎవరు చెప్పారో మాత్రం చెప్పడం లేదు.

"బావా, నా మాట ఇంటలేదు. నువ్వొచ్చి చెప్పు. నీ మాటంటే గురి దానికి."

అమ్మితే నేను కొనుక్కోవచ్చు. ఆ ఆలోచన వచ్చింది, రాలేదని రాస్తే అబద్ధం. కానీ ఇల్లందు బస్సు కోసం వాడు పక్కన నడుస్తుంటే వాడి చేతుల వైపు చూశాను. గోళ్ళ కింద ఏడాదిన్నర గ్రీజు ఉంది. నా చేతులు శుభ్రంగా ఉన్నాయి.

ఇద్దరి ముందూ కూర్చుని అన్నీ చెప్పాను, బ్రేకుతో సహా. వాడు తల దించుకున్నాడు. ఆమె నన్నే చూసింది.

"గివన్నీ నీకు ఎరుకే గదా. ఆనాడు ఎందుకు చెప్పలే?"

"ఓర్వలేక చెల్లె."

"దిష్టి లేదు, గిష్టి లేదు అని మైకుల చెప్తివి. గిది దిష్టి గాకపోతే ఏందన్నా?"

నలభై ఏళ్ళ వాదనల్లో ఎవరికీ ఇంతగా దొరికిపోలేదు. దిష్టి కాదు, ఈర్ష్య అని చెప్పవచ్చు. అయితే ఆమె ఇంట్లో నాలుగు రోజులు పొయ్యి సరిగా వెలగలేదు. దానికి ఏ పేరు పెడితే ఏం?

ఆమె లేచి తాళం తెచ్చి భర్త చేతిలో పెట్టింది. "ముందుగాల నిన్ను తిప్పుకొస్తడు. నీకేం గాకుంటే నేనెక్కుత."

అలా ఆ కారులో కూర్చున్నాను, పరీక్షకు పెట్టిన జంతువులాగా. రంగు సంగతి కూడా వాడు అడగలేదు. ఊరు దాటాక మలుపులో బర్రె అడ్డం వచ్చింది. వాడు తొక్కాడు. బండి కొయ్యలా ఆగింది. ఆ ఒక్క క్షణం, బ్రేకు పట్టకపోతే బాగుండుననిపించింది నాకు, నేను లోపల కూర్చుని ఉండగానే.

తిరిగొచ్చేసరికి ఆమె చీర మార్చుకుని, సంచి పట్టుకుని గుమ్మంలో ఉంది. దిగి తలుపు పట్టుకున్నాను.

"కూసో చెల్లె. బ్రేకులు మంచిగున్నయి."

ఆమె కూర్చుంది. ఉన్నవి రెండే సీట్లు. నేను బస్టాండు వైపు నడిచాను.