దేవుళ్ళకు వరసలు కలిపే పిన్ని

పిన్నికి ఉన్నది ఒక్కటే జబ్బు. ఏ దేశపు దేవుడు కనిపించినా సరే, ఆయన్ని నిలబెట్టి మన దేవుళ్ళలో ఎవరికో ఒకరికి చుట్టాన్ని చేసేస్తే గాని ఆవిడకి ముద్ద దిగదు. కొందరికి తాళం వేసిన తలుపు చూస్తే ఒకసారి లాగి చూడాలనిపిస్తుంది. పిన్నికి దేవుణ్ణి చూస్తే వరస కలపాలనిపిస్తుంది. అంతే, దానికి మందు లేదు.

జబ్బుకి తగ్గ ఇల్లే దొరికింది ఆవిడకి. రేవుకి దగ్గర్లో మూడంతస్తుల ఇల్లు. కింద పిన్నీ, ఆవిడ అక్కకూతురు అమ్మడూ ఉంటారు. అమ్మడు కాలేజీలో పాతకాలపు మతాల చరిత్ర చెబుతుంది. పైగదుల్లో అద్దెకి దేశదేశాల జనం. గది చూడటానికి వచ్చినవాణ్ణి ఇంకెవరైనా అయితే ఏం ఉద్యోగం, జీతమెంత అని అడుగుతారు. పిన్ని అడిగేది ఒక్కటే ప్రశ్న.

"మీ దేవుడెవరు బాబూ? బొమ్మేదైనా ఉందా?"

ఓడల్లో వంటచేసి, చేసి, చివరికి ఒడ్డున పడ్డ ఒక పెద్దాయన అలాగే తన సముద్రదేవుడి బొమ్మ బయటికి తీశాడు. గుబురు గడ్డం, చేతిలో మూడు మొనల బల్లెం.

"వరుణుడి తమ్ముడు," అంది పిన్ని, బొమ్మని సరిగ్గా చేతిలోకి తీసుకోకుండానే.

"కాదేమోనండీ. ఈయన మహా కోపిష్ఠి. ఒళ్ళు మండితే ఓడలు ముంచేస్తాడు."

"ముంచడూ మరి! పంపకాల్లో వానలూ, నదులూ, మంచినీళ్ళన్నీ అన్నగారు పట్టుకుపోయాడు. ఈయన వాటాకి వచ్చినవి ఉప్పునీళ్ళు. నీకైతే మండదూ?"

వంటాయన బొమ్మకేసి మళ్ళీ చూశాడు. పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచీ ఆ దేవుణ్ణి చూసి వణికినవాడు, మొదటిసారి ఆయన మీద జాలిపడ్డాడు. "ఆయన బాధ ఇన్నాళ్ళూ నాకు తెలీలేదు పిన్నిగారూ," అని కళ్ళు తుడుచుకున్నాడు. ఆనాటి నుంచి పిన్నికి వీరశిష్యుడైపోయాడు.

రెండో అంతస్తులో ఒక నర్సు ఉంది. వాళ్ళ పూర్వీకుల దేవుడికి నక్క తల. చనిపోయినవాళ్ళ గుండెకాయని త్రాసులో పెట్టి తూస్తాడట.

"చిత్రగుప్తుడి తోడల్లుడు," అంది పిన్ని. "ఈయన తూస్తాడు, ఆయన రాసుకుంటాడు. ఇద్దరిదీ ఒకే ఆఫీసు."

"మరి ఆ నక్క తలేంటి పిన్నీ?"

"తలదేముందే? ఉద్యోగం చూసి పిల్లనిచ్చుంటారు."

ఇలాంటి మాటలు చెవిన పడ్డప్పుడల్లా అమ్మడికి తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది.

"నీకు దణ్ణం పెడతాను పిన్నీ! ఆ కథ పుట్టిన చోటు వేరు, కాలం వేరు. ఒకరి దేవుణ్ణి ఇంకొకరు తమ ఇంటి లెక్కలో చూస్తే వచ్చేది చుట్టరికం కాదు, పొరపాటు. నేను కాలేజీలో చెప్పే పాఠమే ఇది."

"చెప్పమ్మా, చెప్పు. పాపం పిల్లలు పరీక్ష పాసవ్వాలిగా."

ఇంకో సంగతి కూడా చెప్పాలి. పిన్ని ఒకసారి వరస కలిపిందంటే శిలాశాసనమే. తప్పు ఒప్పుకోవడం ఆవిడ ఒంట్లో లేదు. కూరలో ఉప్పెక్కువైతే అది తిన్నవాళ్ళ నాలుక తప్పు. రైలు తప్పిపోతే అది రైలు తప్పు.

అలాంటి ఇంట్లోకి కళ్ళద్దాల అబ్బాయి దిగాడు. రేవు వీధిలో కళ్ళద్దాల షాపులో పని. నోట్లో నాలుక లేనివాడు. ఎదుటివాళ్ళతో మాట్లాడే ముందు వాళ్ళ కళ్ళజోడు వంకరగా ఉందేమో చూసుకుంటాడు. పెట్టె తెరిచి, బట్టలకంటే ముందు వాళ్ళ అమ్మమ్మ ఇచ్చిన మట్టిబొమ్మని తీసి కిటికీలో పెట్టాడు. వాళ్ళ పొలాల తల్లి అట. చంకలో కంకుల కట్ట.

పిన్ని మొహం వెలిగిపోయింది. "అన్నపూర్ణ సొంత చెల్లెలు! ఆ బుగ్గలు చూడండి, ఆ ముక్కు చూడండి. ఒక్క తల్లి పిల్లలు! మనం అన్నపూర్ణ బిడ్డలం, నువ్వు ఆవిడ చెల్లెలి బిడ్డవి. అమ్మడూ, ఈ అబ్బాయి నీకు అన్న వరసే!"

పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్న అమ్మడు తలెత్తకుండానే "అలాగే" అంది. ఆ ఒక్క 'అలాగే'కి తర్వాత ఎంత ఏడ్చిందో ఆమెకే తెలుసు.

ఎందుకంటే, చదివి చదివి తలనొప్పి వస్తోందని ఆమె ఆ షాపుకే వెళ్ళింది. అబ్బాయి ఒక అద్దం తీసి ఇంకో అద్దం పెట్టి, "ఇది బాగుందా? పోనీ, ఇది?" అని అడిగాడు. ఏదీ నిర్ణయించుకోలేక మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. ఒక్క కళ్ళజోడు కోసం అన్నిసార్లు ఆ షాపు మెట్లెక్కిన మనిషి ఇంకొకరు లేరు. చివరికి తలనొప్పి తగ్గింది, మనసు మాత్రం ఆ షాపులోనే ఉండిపోయింది.

అమ్మడి తండ్రి రిటైరైన సర్వేయరు. జీవితమంతా హద్దురాళ్ళు పాతించిన మనిషి. తామిద్దరూ పెళ్ళి చేసుకోవాలనుకుంటున్నామని కూతురు ఫోన్లో చెప్పగానే ఒకటే మాట అన్నాడు. "వాళ్ళ దేవుడెవరో, మన దేవుడెవరో. వరస తెలీని ఇంట్లో పిల్లనివ్వను. ఆదివారం వస్తున్నా, ఎదురుగానే చెబుతా."

తండ్రిని నొప్పించి పెళ్ళి చేసుకునే ధైర్యం అమ్మడికి లేదు. ఆ అబ్బాయిని వదులుకునే ధైర్యం అసలే లేదు. ఆదివారం పొద్దున్నే వంటింట్లో పిన్ని చెయ్యి పట్టుకుని అంతా చెప్పేసింది.

పిన్ని చేతిలో గరిటె కింద పడింది. "అన్న వరస కదే!"

"అది నువ్వు కలిపిన వరస పిన్నీ!"

"నేను కలిపితే మాత్రం? వరస వరసే." అని దుమ్ము దులిపే గుడ్డ పట్టుకుని పైకి వెళ్ళిపోయింది. అబ్బాయి కిటికీలో ఉన్న పొలాల తల్లిని తుడిచీ తుడిచీ, ఎదురుగా కూర్చుని చూసీ చూసీ, కిందికి వచ్చేసరికి వేపాకు నమిలిన మొహం పెట్టుకుంది. ఎవరితోనూ మాట్లాడలేదు. పిన్ని మాట్లాడకపోవడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు. సర్వేయరుగారు మజ్జిగ దాకా ఆగి గొంతు సవరించుకున్నాడు. "చూడు బాబూ. నువ్వు మంచివాడివే, కాదనను. కానీ మీకూ మాకూ ఏ వరసా లేదు."

"ఎందుకు లేదండీ!" అన్నాడు ఓడ వంటాయన, సాయం చేద్దామని ఉరుకుతూ. "బ్రహ్మాండమైన వరసుంది. వీళ్ళిద్దరూ అన్నాచెల్లెళ్ళు! పిన్నిగారే చెప్పారు."

నర్సు ఆయన కాలు తొక్కింది. అప్పటికే ఆలస్యమైపోయింది. అబ్బాయి తల వంచుకున్నాడు. అమ్మడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"బాగుంది," అన్నాడు సర్వేయరుగారు. "ఇంక నేను చెప్పాల్సిన పని కూడా లేదు."

పిన్ని చేతిలో ముద్ద కంచంలో పెట్టేసింది. "నేను తప్పు చెప్పాను," అంది.

వంటాయనకి పొలమారింది.

"ఈవేళ దగ్గర కూర్చుని చూశాను బావగారూ. ఆవిడ చెల్లెలు కాదు. చెల్లెలైతే ఆ కంకుల కట్ట అక్క ఒళ్ళో పడెయ్యదూ? అలా చంకలో బిగించుకుని, గడప దగ్గరే నిలబడి, వంటింటి వైపు అదోలా చూస్తుందా? ఆ చూపు ఆడపడుచు చూపండీ! శివుడి చెల్లెలు. అంటే మనకి మేనత్త. మేనత్త కొడుకు అమ్మడికి ఏమవుతాడు?"

"బావ!" అని అరిచాడు వంటాయన, ప్రాణం లేచివచ్చి.

సర్వేయరుగారికి దేవతల చుట్టరికాల గురించి ఏమీ తెలీదు. మరదలి గురించి మాత్రం బాగా తెలుసు. చాలాసేపు ఆవిణ్ణే చూశాడు.

"నా పెళ్ళినాటి నుంచీ చూస్తున్నానమ్మా. తప్పన్న మాట నీ నోటంట రావడం ఇదే మొదలు."

"ఇన్నాళ్ళూ అవసరం పడలేదు బావగారూ."

"ఇప్పుడు పడిందా?"

పిన్ని అమ్మడి వైపు చూసింది. "పడింది," అంది మెల్లగా.

సర్వేయరుగారు మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, అబ్బాయి వైపు తిరిగాడు. "ఏం బాబూ, ఈ చుట్టరికానికి మీ అమ్మమ్మగారు ఒప్పుకుంటారా?"

అబ్బాయి నీళ్ళు నమిలాడు. "ఆవిడకి ఫోన్లో అన్నపూర్ణ గురించి చెప్పానండీ. చేతిలో గరిటె ఉందని విని... మా పొలాల తల్లి దగ్గర వంట నేర్చుకున్న పిల్లే అయ్యుంటుంది అంది."

"ఏమిటీ!" పిన్ని లేచి నిలబడింది. "అన్నపూర్ణ వంట నేర్చుకుందా? మీ అమ్మమ్మని ఒకసారి ఫోన్లోకి పిలువు! ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో నేను చెబుతాను!"

సర్వేయరుగారికి నవ్వు ఆగలేదు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుంటూ, "కూర్చోవమ్మా, కూర్చో. అవన్నీ వియ్యపురాళ్ళిద్దరూ తీరిగ్గా తేల్చుకుందురుగాని," అన్నాడు.

'వియ్యపురాళ్ళు' అన్న మాట విని బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒక్కసారి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నారు. అమ్మడు లేచి వెళ్ళి పిన్నిని వెనకనుంచి గట్టిగా వాటేసుకుంది. "ఒదులే, చెయ్యి ఎంగిలి!" అని పిన్ని విసుక్కుంది గాని విడిపించుకోలేదు.

మర్నాడు అబ్బాయి షాపుకి వెళ్ళాక, కొత్త కళ్ళజోడు అతని గదిలో మర్చిపోయానని అమ్మడు పైకి వెళ్ళింది. తలుపు ఓరగా ఉంది. లోపల పిన్ని కిటికీ ముందు నిలబడి, పొలాల తల్లి బుగ్గ మీద దుమ్ము కొంగుతో తుడుస్తోంది.

"ఏమీ అనుకోకు తల్లీ," అంటోంది. "నువ్వు అన్నపూర్ణ చెల్లెలివే, నాకు తెలీదూ? ఆ ముక్కే చెబుతోంది. అన్యాయంగా నిన్ను ఆడపడుచు అన్నాను. పిల్ల ఏడుస్తుంటే ఏం చెయ్యను చెప్పు? పెళ్ళి కానీ, మళ్ళీ నిన్ను చెల్లెల్ని చేసేస్తాను."

"పిన్నీ!" గుమ్మంలోంచి కెవ్వుమంది అమ్మడు. "వద్దు పిన్నీ! ఆడపడుచుగానే ఉండనీ!"