వరస అంకె నాది కాదు

ఈ రోజు పొద్దున సుల్తాన్‌పూర్‌లో ఒక సిరంజీల కంపెనీలో కొత్తగా చేరిన పిల్లలకు మా పాత డేటాబేస్ గురించి చెబుతున్నాను. ఒకే గడిలో గుంపుగా ఉన్న విలువలను వరసలుగా విడదీసి, ప్రతిదాని పక్కనా దాని వరస అంకెను నిలబెట్టే ఆ చిన్న ఆదేశాన్ని ఎవరు కనిపెట్టారని ఒక అమ్మాయి అడిగితే, నేనే అని చెప్పాను. అది అబద్ధం. కనిపెట్టింది మా తోడల్లుడు.

చాలా ఏళ్ల కిందట పటాన్‌చెరులో, కింద వెల్డింగ్ షాపు మోగుతుండే ఒక మేడ మీది గదిలో, మేమిద్దరం ఫ్యాక్టరీల కోసం ఆ డేటాబేస్ రాసేవాళ్లం. అతన్ని ఆ ఉద్యోగంలో చేర్పించింది నేనే అయినా అతని చురుకుదనాన్ని ఓర్వలేకపోయేవాడిని. మా అత్తగారు అతనికి రెండోసారి కూర వడ్డించినా నా కళ్లు ఆ గరిటె వెంటే పోయేవి. ప్లాస్టిక్ మూతలు పోసే అచ్చులో ఎనిమిది గుంతలుంటాయి, ఒక్కసారికి ఎనిమిది మూతలు దిగుతాయి, వాటి బరువులన్నీ గుంతల వరసలోనే ఒకే గడిలో చేరతాయి. ముందు విడదీసి తరవాత అంకెలు వేసుకునేలా నేను రాశాను. విడదీయగానే వరస తారుమారై, ఫ్యాక్టరీ వాళ్లు మంచి గుంతను మూసేసి చెడ్డదాన్ని నడిపారు.

"విడగొట్టినంక అంకెలేస్తే ఏది యాడిదో ఎట్ల ఎరుకైతదన్నా? విడగొట్టేటప్పుడే అంకె ఎంట రావాలె," అన్నాడు తోడల్లుడు టీ ఊదుకుంటూ. "గా అంకె గూడ ఒకటి నుంచే మొదలుగావాలె. అచ్చు మీద సున్నా అని ఎవడన్న చెక్కుతడా?"

"తెలివి నీకొక్కనికే పంచిండ్రా?" అన్నాను. సాయంత్రానికి అతను చెప్పినట్టే మార్చాను కానీ, నా పనిగా యజమానికి చూపించే ముందు అతన్ని టీ తెమ్మని కిందికి పంపాను.

ఇప్పుడు ఆ మేడ లేదు. ఈ కాలం పిల్లలకు ఆ అంకె దానంతటదే పుట్టినట్టు అనిపిస్తుంది. దాని వెనక ఇద్దరు మనుషులు మాటామాటా అనుకున్నారని ఎవరికి తెలుసు?

ఇంటికి వెళ్తూ కొల్లూరు దాకా వచ్చినవాడిని ఆ కంపెనీకి వెనక్కి తిరిగి వెళ్లి, అది నాది కాదని ఆ పిల్లలందరి ముందూ చెప్పాను. తరవాత పటేల్‌గూడలో ఉంటున్న తోడల్లుడికి ఫోన్ చేసి, ఆనాటి టీ సంగతి కూడా దాచకుండా చెప్పాను.

"ఎరుకే అన్నా. టీ పట్టుకొని మెట్ల మీదనే నిలబడ్డ గద, నీ మాట అయ్యేదాంక," అని నవ్వాడు.

అంత తేలిగ్గా నవ్వగలిగినందుకు కూడా అతని మీద అసూయే కలిగింది. దారిలో రెండు టీలు పార్సిల్ కట్టించుకుని పటేల్‌గూడ వెళ్లాను. ఈసారి మెట్లెక్కింది నేను.